తేనెగండి కుండకు చెవి ఆన్చిన ఆలకమ్మ తల్లి

తూర్పు కనుమల్లో ఘాట్ రోడ్డు మలుపులు తిరిగి తిరిగి, బస్సులో సగం మంది కిటికీల వైపు జరిగే చోట తేనెగండి గ్రామం ఉంది. బస్సు అక్కడ ఆగుతుంది. ఆగకపోతే ఊరివారు ఆపుతారు. ఎవరు దిగారు, ఎవరింటికి వచ్చారు, సంచిలో ఏం తెచ్చారు అన్నది తేలకుండా బస్సును ముందుకు పోనివ్వడం ఆ ఊరి పద్ధతి కాదు. కొత్త భక్తులు దీనికి నొచ్చుకోనక్కరలేదు. గుడికి దారి అడిగితే చూపిస్తారు. అడగకపోయినా వెంట వస్తారు.

ఊరు దాటి కొండ అంచు వైపు మెట్లెక్కితే ఆలకమ్మ తల్లి గుహాలయం వస్తుంది. గోపురం లేదు. కట్టించాలని ఆలయ కమిటీ చాలాకాలంగా సమావేశమవుతోంది. గుహ లోపల నల్లరాతి రూపంలో అమ్మవారు నిలబడి ఉంటుంది. నిలబడి ఉంది అనడం కన్నా ఒరిగి ఉంది అనడం సబబు. తల కుడివైపుకు వాలి, చెంప పక్కనున్న పెద్ద మట్టికుండ పొట్టకు ఆని ఉంటుంది. రాతికి కళ్ళు చెక్కలేదు, నోరూ చెక్కలేదు. భక్తులు చేయించిన వెండి చెవి మాత్రం ఉంది. మొదటిసారి చూసినవారు రాయి పడిపోతుందేమోనని తెలియకుండానే చేయి అడ్డం పెడతారు. ఏ కాలం నుంచో అది అలాగే ఉంది. ఇంతవరకూ పడలేదు.

ఇక్కడ హారతి అయ్యాక భక్తులు కుండకు చెవి ఆనించి వింటారు. లోపల ఏమున్నదో చూడరు. బయటికి వచ్చాక ఏం వినిపించిందని ఒకరినొకరు అడుగుతారు. కొందరికి దూరంగా వాన పడుతున్నట్టు ఉంటుంది, కొందరికి గోడ అవతల ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. తమ పేరే వినిపించిందని చెప్పేవారు ఎక్కువగా తేనెగండివారే.

అమ్మవారు ఎందుకు ఒరిగింది, ఆ కుండలో ఏముంది, దానికి మూత తీయకుండా చెవి ఎందుకు పెడతారు అన్నది ఈ స్థల పురాణం.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఒక గుహ, గుహలో నిట్టనిలువుగా ఒక రాయి ఉండేవి. మేకల కాపరులు వానకు తడిసిన గొంగళ్ళను ఆ రాతి మీద ఆరేసుకునేవారు. అంతకు మించిన గౌరవం ఎవరూ దానికి ఇవ్వలేదు.

ఊరికి ఆధారం తేనె. కొండ అంచు కింద, నిలువు బండకు గంపలంత పట్టులు వేలాడేవి. వానలు వెనకబట్టి కార్తీకం వచ్చాక మగవారు తాళ్ళు కట్టుకుని దిగి వాటిని కోసేవారు. పైన తాడు పట్టుకునేవాడు దిగినవాడికి బావమరిది అయి తీరాలి. సొంత అన్నదమ్ములకు తాడు ఇచ్చేవారు కాదు. అన్నదమ్ముల మధ్య పొలం గట్టు ఉంటుంది, బావమరిది మనసులో తోబుట్టువు పసుపుకుంకుమ ఉంటుంది. ఈ కట్టడి పెట్టిన పెద్దలు మనుషులను బాగా ఎరిగినవారు.

దిగే ముందు తేనెటీగలకు మొక్కు చెల్లించడం ఆచారం. ఆ మొక్కు తేనెకల్లు. కొండ అంచున నిలబడి దానిని కిందికి ధారగా పోసి, ఆ తర్వాతే తాడు విప్పేవారు. ఈగల తేనెను ఈగలకే తిరిగి ఇచ్చి, ఇంకా కొంచెం కావాలని అడగడం అన్నమాట. అడిగే తీరు బాగుంటే ఈగలు ఊరుకునేవి.

తేనెకల్లు పెట్టడం గంగులమ్మ ఇంటి హక్కు. ఆషాఢంలో నేరేడు పండ్లు రాలే రోజుల్లో ఆమె పని మొదలుపెట్టేది. పండ్లను నీళ్ళలో కడగనిచ్చేది కాదు. తొక్క మీద ఉండే తెల్లటి బూడిదలాంటి పొరే కల్లును లేపుతుందని, అది పోతే కుండ ఎత్తిపోతుందని చెప్పేది. పండ్లను చేత్తో చిదిమి, ఒక పాలు వేసవి తేనెకు, అంటే వేసవిలో చెట్టుతొర్రల్లో దొరికే కొద్దిపాటి తేనెకు, మూడు పాళ్ళు ఊట నీళ్ళు కలిపి, సాంబ్రాణి పొగ పట్టిన కుండలో పోసేది. సొంఠి, పిప్పళ్ళు, దాల్చినచెక్క, లవంగాలు దంచి చిన్న మూటగా కట్టి అందులో వేలాడదీసేది. కుండను నిండా నింపేది కాదు. లోపలిది పొంగి ఊపిరి తీసుకోవడానికి జానెడు చోటు వదిలేది. ఆపైన మూతికి పలచటి గుడ్డ కట్టేది. కుండ మూతికి కట్టే ఈ గుడ్డనే వాసెన అంటారు. పొంగు తగ్గాక ఆ గుడ్డ తీసి, తేనెమైనం పూసిన గుడ్డ కట్టేది. కార్తీకం వరకు ఆ కుండ పెరట్లో చింతచెట్టు నీడన ఉండేది.

గంగులమ్మ కల్లు ఏనాడూ చెడలేదు. ఆమె చేతివాసి అలాంటిదని ఊరంతా అనుకునేది. చేతివాసి సంగతి ఎలా ఉన్నా, ఆమె నోటివాసి మాత్రం గట్టిది. ఆమె పెరట్లోకి కోడి కూడా ఆలోచించి వచ్చేది. కుండ ఎలా ఉందో చూద్దామని ఒకసారి గ్రామ పెద్ద జోగినాయుడు తడిక తోసి లోపలికి అడుగు పెట్టాడు. గంగులమ్మ ఆయన తాతముత్తాతల కాలం నుంచి మొదలుపెట్టి, ఆయన పుట్టేదాకా వచ్చేసరికి ఆయన తడిక మూసుకుని వెళ్ళిపోయాడు.

ఈ జోగినాయుడు ముక్కు గురించి ఇక్కడే చెప్పుకోవాలి. చిన్నతనంలో దాని మీద ఈగ కుట్టింది. అప్పటి నుంచి ఆయనకు వాసన తెలియదు. ఎండుచేపలు కాలుస్తున్న ఇంటి ముందు నిలబడి ఎవరింట్లో పెళ్ళి అని అడిగినవాడు ఆయన. ఊరంతా ఎరిగిన విషయమే ఇది. ఈ పుస్తకం అచ్చుకు విరాళమిచ్చిన ఆయన వంశీకులు ఈ భాగం తీసివేయమని కోరలేదు. ఇంకా చదవలేదు.

గంగులమ్మకు చేతులు వణకడం మొదలైంది. ఆమె కొడుకు సోములుకు పెళ్ళయింది. కోడలు ఎర్నమ్మ మైదానపు పిల్ల. అక్కకు తోడుగా తమ్ముడు సింహాద్రి కూడా వచ్చి ఊళ్ళోనే ఉండిపోయాడు, సోములు తాడు అతని చేతికి వచ్చింది. కుండ ఎర్నమ్మ చేతికి వచ్చింది. గంగులమ్మ దగ్గర కూర్చుని కొలతలన్నీ నేర్పింది. కోడలు అన్నీ నేర్చుకుంది, అత్త నోరు తప్ప.

ఎర్నమ్మ నెమ్మదస్తురాలు. పెద్దవాళ్ళ ఎదుట కాదు అనే మాట ఆమె నోట వచ్చేది కాదు. ఈ సంగతి ఊరికి తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆమె కుండ పెట్టిన మర్నాడే తడిక చప్పుడైంది.

"ఏమే కోడలా, కుండ పెట్టావంట! ఎలా ఉందో ఒక్కసారి చూసి పోతానే."

"చూడండి పెద్దయ్యా," అంది ఎర్నమ్మ.

జోగినాయుడు వాసెన విప్పి చూశాడు. ఇన్నేళ్ళ ముచ్చట తీరింది. ఆయన వెళ్ళాక పూజారి కూర్మయ్య వచ్చాడు. మొక్కు కల్లు కాబట్టి శాస్త్రం ప్రకారం తాను పరీక్షించాలన్నాడు. పరీక్షకు దొప్ప కూడా వెంట తెచ్చుకున్నాడు. ఆ తర్వాత పక్కింటివారు, ఎదురింటివారు, ఆ వీధితో పని లేనివారు వచ్చారు. ఎవరికి వారు తామొక్కరే చూస్తున్నామనుకున్నారు. మళ్ళీ వాసెన కట్టేటప్పుడు ఎవరికి తోచిన ముడి వారు వేశారు. ఎవరూ లేనప్పుడు గంగులమ్మ కూడా విప్పి చూసేది. కోడలు సరిగా పెట్టిందో లేదోనని ఆమె బెంగ ఆమెది.

ఇలా గాలి తగిలి, చేయి తగిలి, దొప్ప తగిలి ఆ కుండ కార్తీకానికి పులిసి, పచ్చళ్ళకు తప్ప పనికిరాని కాడి అయింది. కొండ అంచున పోస్తే ఈగలు లేచాయి. సగం తాడులోనే సోములును పైకి లాగారు. అతని ముఖం ఎవరికీ ఆనవాలు దొరకలేదు. తల్లి మాత్రం కాస్త ఒళ్ళు చేశాడంది.

మరుసటి ఏడూ అంతే. ఆపై ఏడూ అంతే. ఈగలు సగం పట్టులు వదిలి అవతలి కొండకు పోయాయి. సంతకు తీసుకుపోవడానికి తేనె లేదు. అప్పుడు ఊరు కారణం వెతకడానికి కూర్చుంది. ఊళ్ళో ప్రతివారికీ కారణం తెలుసు, అందులో తమ వంతు మాత్రం తెలియదు.

"గంగులమ్మ చేతిలో ఏనాడైనా చెడిందా? ఈ పిల్ల చేతివాసి మంచిది కాదు," అన్నాడు కూర్మయ్య.

జోగినాయుడు తీర్పు చెప్పాడు. ఈ ఏడు కూడా కల్లు పులిస్తే ఎర్నమ్మను పుట్టింటికి పంపించివేయాలి. సోములుకు ఈ కొండ పిల్లనే చూసి మళ్ళీ పెళ్ళి చేయాలి.

సింహాద్రి లేచి, "మా అక్క పోతే నేనూ పోతాను. మా బావ తాడు ఎవరు పడతారు పెద్దయ్యా? తమరు పడతారా?" అన్నాడు.

సోములు జోగినాయుడు వైపు చూశాడు. ఆయన చేతుల వైపు కూడా చూశాడు. "మా ఇంటిదాన్ని నేను పంపను," అన్నాడు. ప్రేమతో అన్నాడా, తాడు గుర్తొచ్చి అన్నాడా అని ఆ సాయంత్రం ఊళ్ళో వాదన జరిగింది. ఇప్పటికీ తేలలేదు. ఊరి మాట ముందు అతని మాట నిలవదని మాత్రం ఎర్నమ్మకు తెలుసు. కార్తీకం దాకా ఆ ఇల్లు తనది, ఆ తర్వాత కుండ చెప్పినట్టు.

ఆ ఆషాఢంలో ఆమె భయంతోనే కుండ పెట్టింది. రెండో రోజే తడిక చప్పుడు మొదలైంది. వద్దనాలని నోటిదాకా వచ్చేది. తీర్పు చెప్పిన మనిషే వచ్చి ఎలా ఉందే అంటే వద్దని ఎలా అనగలదు? చూడండి పెద్దయ్యా అనేది. ఆయన వెళ్ళాక కూర్చుని ఏడ్చేది.

అలా ఏడ్చి ఒక మధ్యాహ్నం నిద్రపోయింది. అమ్మవారు కలలో కనిపించడానికి మధ్యాహ్నాన్నే ఎంచుకుంది. రాత్రిళ్ళు గంగులమ్మ గురక ముందు దేవతలు సైతం నిలవలేకపోయేవారని అంటారు. కలలో ఒక ముసలామె తడి గొంగళి నెత్తిన వేసుకుని చిరాకుగా నిలబడి ఉంది.

"మీ ఊరివాళ్ళు నా మీద గొంగళ్ళు ఆరేస్తున్నారే. మేక కంపు భరించలేకపోతున్నాను," అంది.

"చెప్పి ఆపిస్తాను తల్లీ," అంది ఎర్నమ్మ.

"నువ్వా? ఆపడమా?" అని ముసలామె నవ్వింది. "అది తర్వాత చూద్దాం. ముందు నా దగ్గర ఒక కుండ పెట్టు. దాన్ని ఎవరూ చూడకూడదు. నువ్వూ చూడకూడదు."

"చూడకపోతే ఎలా ఉందో ఎలా తెలుస్తుంది?"

"చెవులెందుకున్నాయే నీకు? అది మాట్లాడుతుంది, విను. గలగలలాడినన్నాళ్ళు పలచటి గుడ్డ ఉంచు. గుసగుసల్లోకి దిగాక, విప్పి చూడకుండా దాని మీదే మైనపు గుడ్డ కట్టు. నోరు మూసుకున్నాక నీ పండగ."

"మరి ఊరు ఊరుకోదే తల్లీ?"

"ఊరికి పెరట్లో కుండ ఉందిగా. చూసుకోనీ," అని ముసలామె గొంగళి విదిలించింది. ఎర్నమ్మ లేచేసరికి ముఖం మీద చన్నీటి చుక్కలున్నాయి. ఇంటి కప్పు కారిందని గంగులమ్మ అంది. ఆ రోజు వాన లేదు.

ఎర్నమ్మ చివరి కాపు నేరేడు పండ్లు ఏరింది. సోములు వాటాగా వచ్చిన వేసవి తేనె మిగిలింది తీసింది. తమ్ముడి చేత కుండ మోయించుకుని గుహకు వెళ్ళింది. గొంగళ్ళు ఆరేసే రాతి పక్కన కుండ పెట్టి వాసెన కట్టింది. ఈగల భయం కొద్దీ పెద్దలెవరూ అటు రారు. కాపరులకు మాత్రం, అక్కడ ఇకపై గొంగళి ఆరేస్తే మేకకు పాలు తగ్గుతాయని సింహాద్రి చెప్పాడు. అది అబద్ధమే. అమ్మవారు పట్టించుకోలేదు.

అప్పటి నుంచి ఎర్నమ్మ కట్టెలకని వెళ్ళి కుండకు చెవి ఆనించి వచ్చేది. మొదట ఏమీ వినిపించలేదు. చన్నీళ్ళ కుండకు చెవి పెట్టినట్టే ఉంది. ఆపై ఒక రోజు ఎండుటాకుల మీద చినుకులు పడుతున్నట్టు చిటపట మొదలైంది. ఆ చప్పుడు పెరిగి, పెళ్ళివారి విడిదిలా గలగలలాడింది. లోపల నేరేడు తొక్కలు పైకి లేస్తున్నాయో, నురుగు ఏ రంగులో ఉందో, మూట తేలిందో మునిగిందో చూడాలని ఆమె ప్రాణం కొట్టుకునేది. చేయి ముడి దాకా వెళ్ళేది. పెరట్లో ఊరంతా చేస్తున్న పని అదేనని గుర్తొచ్చి వెనక్కి తీసుకునేది. ఆ చేతిని ఊరికే ఉంచలేక పక్కనున్న రాతికి ఆనించేది.

శ్రావణం పోయి భాద్రపదం వచ్చేసరికి కుండ గుసగుసల్లోకి దిగింది. ఆమె వాసెన విప్పకుండా దాని మీదే మైనపు గుడ్డ కట్టింది. ఆశ్వయుజం చివరికి కుండ మాట మానేసింది.

అసలు భయం అప్పుడు పట్టుకుంది ఆమెకు. పండిన కల్లు మాట్లాడదు, చచ్చిన కల్లూ మాట్లాడదు. చెవికి రెండూ ఒకటే. విప్పి చూస్తే తేలిపోతుంది. చూస్తే చెడుతుంది. పుట్టింటికి పోవాలో, ఈ ఇంట్లోనే ఉండాలో చెప్పగల కుండ ఎదురుగా నోరు మూసుకుని కూర్చుంది. ఆమె చాలాసేపు దాని ముందు కూర్చుని, ముడి ముట్టకుండానే ఇంటికి వచ్చింది.

మొక్కు రోజు ఊరంతా గంగులమ్మ పెరట్లో చేరింది. చింతచెట్టు కింద కుండ వాసెనతో ఉంది. ఎర్నమ్మ మూట సర్దుకుని గుమ్మంలో నిలబడింది. సోములు తాడు భుజాన వేసుకుని ఎటు చూడాలో తెలియక తాడును చూసుకుంటున్నాడు.

జోగినాయుడు గొంతు సవరించుకున్నాడు. "ఇంకా చెప్పేదేముంది? ఈ ఏడు కూడా పులిసిపోయింది. ఆడపిల్లను బాధపెట్టడం నాకూ ఇష్టం లేదు. సింహాద్రీ, మీ అక్కను తీసుకుపో," అన్నాడు.

పెరడంతా తలలూపింది. ఆ తలల మధ్య నుంచి ఎర్నమ్మ గొంతు వినిపించింది. పెద్దల సభలో ఆమె మాట్లాడటం అదే మొదలు.

"పెద్దయ్యా, వాసెన ఇంకా విప్పలేదు కదా. పులిసిందని తమకెలా తెలిసింది?"

జోగినాయుడు కుండ వైపు చూశాడు. వాసెన నిజంగానే కట్టి ఉంది.

"వాసన వస్తోందిగా," అన్నాడు.

అందరూ ఆయన ముక్కు వైపు చూశారు. ఆయనను ఆదుకుందామని కూర్మయ్య ముందుకు వచ్చాడు.

"నాయుడుగారు సరిగ్గానే చెప్పారు. పులిసింది నిజమే. పైగా లవంగం ఘాటు మరీ ఎక్కువైంది."

"లవంగం ఎక్కువేంటి!" అని గంగులమ్మ అరుగు మీద నుంచే లేచింది. ఇంటి పరువు పోతుంటే ఆమె ఊరుకోదు. "మొన్న శుక్రవారం నేనే విప్పి మూట బయటికి తీసేశాను!"

"అందుకేనా అత్తా, నేను చూసినప్పుడు మూట లేదు," అంది పక్కింటామె.

"నేను చూసినప్పుడు ఉందే," అంది ఎదురింటామె. "అంటే గురువారమన్నమాట."

ఆపైన కాసేపు ఊరంతా కుండ సంగతే మాట్లాడింది. ఎవరు ఎప్పుడు చూసినదీ, రంగు ఏ వారం ఎలా ఉన్నదీ, దొప్ప ఎవరిదీ అన్నీ బయటపడ్డాయి. ఒకరి మాటను ఒకరు సరిదిద్దుకుంటూ ఎంతో నిజాయితీగా చెప్పుకున్నారు. కొంతసేపటికి ఏం చెప్పుకుంటున్నారో వారికే అర్థమై, మాటలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.  తేనెగండిలో అలాంటి నిశ్శబ్దం అంతకు ముందు ఎవరూ ఎరగరు.

"ఇంకో కుండ ఉంది పెద్దయ్యా," అంది ఎర్నమ్మ.

ఎక్కడ, ఎప్పుడు పెట్టావు, ఎవరికి తెలుసు అని ఊరు ఒక్కసారిగా లేచింది. ఈగల భయం ఎవరికీ గుర్తు రాలేదు. ముందుగా గుహ చేరినవాడు కూర్మయ్య. ముందుగా ఆగిపోయిందీ అతనే.

నిట్టనిలువుగా ఉండే రాయి ఒరిగి ఉంది. తల భాగం కుడివైపుకు వాలి కుండ పొట్టకు ఆని ఉంది. కుండకు బీట కూడా పడలేదు. అంత బరువైన రాయి నిద్రపోతున్న పిల్లవాడి పక్కన తల వాల్చినంత మెత్తగా వాలి ఉంది. కుండ చూడవద్దని కలలో చెప్పిన తల్లికి, తన పక్కనే ఇన్నాళ్ళు గలగలలాడి గుసగుసలాడి సద్దుమణిగిన ఆ కుండలో ఏముందోనన్న ఆత్రం ఆగలేదు. తానే చెప్పిన మాట ప్రకారం మూత ముట్టలేదు. వంగి, చెవి పెట్టి విన్నది. తర్వాతి కాలంలో బడి పంతులు ఒకాయన, రాతి కింద మట్టి జారి ఉంటుందని చెప్పాడు. కావచ్చు. మట్టి అటే ఎందుకు జారిందని ఊరు అడిగితే ఆయన బదిలీ చేయించుకున్నాడు.

అందరూ చేతులు జోడించారు. ఆ జోడించిన చేతుల మధ్య నుంచే జోగినాయుడు ఉండబట్టలేక అడిగాడు.

"ఇదెలా ఉందే ఎర్నమ్మా?"

"తెలియదు పెద్దయ్యా," అంది ఆమె. "నేను చూడలేదు."

ఊరు ఆమె వైపు వింతగా చూసింది. ఒక సంగతి తెలియదని ఒప్పుకున్న మనిషిని ఆ ఊరు చూడటం అదే మొదలు. తన బతుకు ఆ కుండలో ఉండగా, రోజూ దాని పక్కన కూర్చుని కూడా ఆమె విప్పి చూడలేదు. ఆ మాట అర్థమైనవారు తలలు దించుకున్నారు. గంగులమ్మ ఒక్కతే దించుకోలేదు. ముందుకు వచ్చి కోడలి చేతిలోని మూట లాక్కుని సింహాద్రి మీదికి విసిరింది. "ఇంట్లో పడేసి రా," అంది. కుండ ఇంకా విప్పనే లేదు.

ఎర్నమ్మ మైనపు గుడ్డ విప్పింది, దాని కింది వాసెన విప్పింది. గుహ నిండా నేరేడు, తేనె, పిప్పళ్ళు కలిసిన పరిమళం కమ్ముకుంది. అందరికన్నా ముందు జోగినాయుడు, "ఏంటిది, ఏదో వాసన!" అన్నాడు. చిన్ననాడు పోయిన ముక్కు అక్కడ తెరుచుకుంది. కల్లు నేరేడు పండు రంగులో, అడుగు కనిపించేంత తేటగా ఉంది. పుల్లదనం జాడ లేదు. ఆయన దొప్పెడు తాగాడు. తీర్పు మార్చుకోవడానికి ఇంకో దొప్పెడు అవసరమన్నాడు.

ఆ రోజు కొండ అంచున తేనెకల్లు పోశారు. ఈగలు కదలలేదు. సోములు దిగాడు. పైన సింహాద్రి తాడు పట్టుకున్నాడు, అతని పక్కన ఎర్నమ్మ కూర్చుంది. పోయిన పట్టులు మరుసటి ఏటికి తిరిగి వచ్చాయి. పెరట్లోని కాడి కుండను ఏం చేయాలని ఊరు అడిగితే గంగులమ్మ దానితో ఊరందరికీ ఉసిరికాయలు ఊరవేసి పంచింది. పుల్లగా ఉందని ఒక్కరూ అనలేదు.

ఆనాటి నుంచి రాతిని ఆలకించే తల్లిగా, ఆలకమ్మగా కొలుస్తున్నారు. ఎర్నమ్మ వంశంలోని కోడళ్ళే నేటికీ ఆషాఢంలో గుహలో కుండ పెడతారు. కూతుళ్ళకు ఆ హక్కు లేదు. బయటి ఊరి నుంచి వచ్చిన పిల్లకే ఉంది. ఊరివారు ఆ కుండను ముట్టరు. ఎలా ఉందో తెలుసుకోవాలనిపించినవారు మెట్లెక్కి వచ్చి చెవి ఆనించాలి. ఆ నాలుగు నెలలూ మెట్ల మీద తేనెగండివారే ఎక్కువగా కనిపిస్తారు. దీనిని వారు భక్తి అంటారు.

కార్తీక మాసపు మొక్కు రోజున, వాసెన విప్పే ముందు, పూజారి భక్తుల వైపు తిరిగి గట్టిగా అడుగుతాడు: "తీర్థం ఎలా ఉంది?"

అందరూ ఒక్క గొంతుతో బదులిస్తారు: "తెలియదు తల్లీ!"

ఈ మాట అననివారికి తీర్థం ఇవ్వరు. ఏడాది పొడవునా తేనెగండిలో ఆ మాట వినిపించేది ఆ రోజే. దాన్ని వినడానికే చుట్టుపక్కల ఊళ్ళవారు బండ్లు కట్టుకుని వస్తారు.

తేలని విషయంతో మనసు కుదురు లేనివారు ఆలకమ్మను ఎక్కువగా దర్శిస్తారు. పరీక్ష రాసి ఫలితం కోసం ఉన్నవారు, కోర్టు వాయిదాల్లో ఉన్నవారు, పెళ్ళిచూపులు అయి కబురు రానివారు, నెల తప్పి ఇంకా ఎవరికీ చెప్పనివారు కుండకు చెవి పెట్టి కాసేపు కూర్చుంటారు. వారు అనుకున్నది జరుగుతుందని ఆలయం హామీ ఇవ్వదు. అది తేలేలోపు మాత్రం రాత్రి నిద్ర పడుతుందని ఎందరో చెప్పారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళు అమ్మవారి చెవిలో ఏదైనా చెప్పుకోవచ్చు. అమ్మవారికి నోరు చెక్కలేదు కనుక, ఊళ్ళో ఆ మాట బయటికి పోని చోటు ఇదొక్కటే.

మెట్ల దగ్గర దుకాణాల్లో చిన్న మొక్కు కుండలు దొరుకుతాయి. నేరేడు కాలంలో వచ్చినవారు వాటిని ఇంటికి తీసుకువెళ్ళి, కడగని పండ్లు, తేనె, ఊట నీళ్ళు, సుగంధ ద్రవ్యాల మూటతో తామే పెట్టుకోవచ్చు. జానెడు చోటు వదలడం మరువరాదు. మైనపు గుడ్డను తొందరపడి బిగిస్తే కుండ పగులుతుంది. గుసగుస వినిపించేదాకా ఆగాలి. పిల్లలకు తేనె, పండు మాత్రమే ప్రసాదం.

ఇంటికి తీసుకువెళ్ళిన కుండను ఆగలేక ముందే విప్పి చూసిన భక్తులు ఆ సంగతి ఆలయానికి తెలియజేయనక్కరలేదు. తేనెగండికి ఈపాటికే తెలిసి ఉంటుంది.